కాన్పు ఎక్కడో ముందే అడగండి

సంపాదకుడికి,

ప్రభుత్వాసుపత్రి కాన్పుల వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. హెచ్‌ఐవీ ఉన్న గర్భిణులకు మందులు ఉచితంగానే అందుతున్నాయి. అయినా తొలికాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళ్లేసరికి చాలాసార్లు చికిత్స తెగిపోతోంది. దీని గురించే ఈ ఉత్తరం.

ఒక అమ్మాయి నొప్పులతో వచ్చింది. వాళ్లమ్మ టీ తేవడానికి బయటికి వెళ్లగానే, సంచిలో చీర మడతల మధ్య నుంచి ఐరన్ మాత్రల డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. "మేడం, ఇవి బలం మాత్రలు కావు" అంది. డబ్బా ఖాళీ. అందులో దాచుకున్న హెచ్‌ఐవీ మాత్రలు అయిపోయి పదహారు రోజులైందట. ఆ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటరేమో అత్తవారి జిల్లాలో ఉంది. పుట్టింట్లో ఎవరికీ విషయం తెలియదు. నెలలు నిండిన పిల్ల ఏమని చెప్పి బస్సెక్కుతుంది? వేరే సెంటర్‌కు చికిత్స మార్చుకోవచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆ పదహారు రోజులు ఎంత విలువైనవో నర్సులకు తెలుసు. వైరస్ కడుపులో ఉండగా మాయ గుండా బిడ్డకు చేరవచ్చు, కాన్పప్పుడు రక్తం, స్రావాల వల్ల సోకవచ్చు, తర్వాత చనుబాలతోనూ రావచ్చు. చికిత్స లేకపోతే నూటికి 15 నుంచి 45 మంది పిల్లలకు సోకే ప్రమాదం ఉంది. తల్లి రోజూ మాత్ర వేసుకుని వైరస్‌ను అణచి ఉంచితే అది 5 శాతం లోపుకు దిగుతుంది. ఒకప్పుడు నొప్పుల సమయంలో వైరస్‌ను అడ్డుకునే నెవిరపిన్ మాత్ర ఒక్కటి ఇచ్చి దేవుడి మీద భారం వేసేవాళ్లం. 2014 నుంచి హెచ్‌ఐవీ ఉన్న గర్భిణులందరికీ జీవితాంతం ఏఆర్‌టీ మందులు ఇస్తున్నారు. ఇంత దూరం వచ్చాక కూడా ఒక ఖాళీ డబ్బా దగ్గర బిడ్డను పోగొట్టుకుంటామా?

ఆ రోజు మాత్ర తెప్పించి వేశాం. బిడ్డకు మామూలుగా ఆరు వారాలు పోసే నెవిరపిన్ సిరప్‌ను డాక్టరుగారు 12 వారాలకు పొడిగించారు. అమ్మమ్మ తేనె నాకిస్తానంటే, తల్లిపాలు తప్ప ఏదీ వద్దని నేనే బతిమాలాను. తల్లి మందు వాడుతూ పాలిస్తున్నప్పుడు మధ్యలో తేనె, ఆవుపాలు కలిపితే ప్రమాదం పెరుగుతుంది. మామూలు రక్తపరీక్ష పట్టుకునేది యాంటీబాడీలనే; తల్లి నుంచి వచ్చినవి బిడ్డ ఒంట్లో ఏడాదిన్నర దాకా ఉండిపోగలవు కాబట్టి ఆఖరి ఫలితం 18 నెలలకు గానీ తేలదు. నెగెటివ్ వచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఆమె చాలాసేపు ఏడ్చింది.

అధికారులకు నా విన్నపం ఇది. ఏడో నెల రాకముందే హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రం (ఐసీటీసీ) కౌన్సెలర్ "కాన్పు ఎక్కడమ్మా?" అని అడగాలి. ఆ ఊరికి దగ్గరి సెంటర్‌తో ఫోన్‌లో మాట్లాడి, పురుటి రోజులు కూడా కలుపుకుని సరిపడా మాత్రలిచ్చి పంపాలి. మొదట్లో నెగెటివ్ వచ్చినవాళ్లకు కూడా నెలలు నిండే ముందు మరోసారి పరీక్ష చేయాలి, మధ్యలో సోకితే తెలియాలి కదా. భర్తకూ చేయాలి.

ఇంకొకటి. మంచం దగ్గర వేలాడే కేస్ షీట్ మీద ఎర్ర సిరాతో పెద్దగా 'పాజిటివ్' అని రాసే అలవాటు కొన్నిచోట్ల చూశాను. పక్క మంచం వాళ్లు కూడా చదివేస్తారు. ఆమె అనుమతి లేకుండా విషయం బయటపెట్టకూడదని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం చెబుతోంది, అది 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఆ ఎర్ర సిరాకు భయపడే ఆడపిల్లలు మందును బలం మాత్రల డబ్బాలో దాస్తున్నారు.

— ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, తూర్పుగోదావరి జిల్లా