మా తమ్ముడి చెట్టు మొవ్వు నిలబెట్టిన మన అనంతపురం వాళ్లకు కృతజ్ఞతలు

న్యూజెర్సీలో మా తమ్ముడు పెంచుతున్న తాటిజాతి చెట్టుకు కొత్త మొవ్వు, అంటే నడినెత్తిన వచ్చే లేత చిగురు, వచ్చింది. ఆ మొవ్వు కుళ్లింది, చెట్టు బతకాలంటే ఏం చేయాలని ఉగాది రోజుల్లో నేను అడిగితే జవాబిచ్చినవాళ్లు, ఫోన్ చేసి మాట్లాడినవాళ్లు, తెలిసినవాళ్ల దగ్గరికి బండెక్కించుకుని తీసుకుపోయినవాళ్లు, అందరికీ ధన్యవాదాలు. పేర్లు రాయట్లేదు. ఒకరిద్దరు వద్దన్నారు, రాస్తే అందరివీ రాయాలి కదా.

అప్పుడు చూడనివాళ్ల కోసం సంగతి చెప్తాను. తమ్ముడు పుట్టి పెరిగింది తాడిపత్రి దగ్గర, ఈతచెట్ల మధ్య. న్యూజెర్సీలో ఇల్లు కొన్నాక వాకిట్లో తాటిజాతి చెట్టు ఉండాల్సిందేనని పట్టుబట్టాడు. మన కొబ్బరి అక్కడ ఒక్క చలికాలం కూడా దాటదు. అందుకని ట్రాకీకార్పస్ ఫార్చూనై అనే చైనా చెట్టు పెట్టాడు. విసనకర్రల్లాంటి ఆకులు, మాను చుట్టూ దట్టంగా పీచు. వేరు బాగా దిగినది మైనస్ 12 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది కానీ లేతది అంత తట్టుకోలేదు. అక్కడ కొన్ని రాత్రులు ఆ అంచు దాకా పోతాయి.

పోయిన చలికాలం చెట్టు నడినెత్తిన మంచు చేరింది. పగలు కరిగి మొవ్వులోకి దిగడం, రాత్రి మళ్లీ గడ్డకట్టడం. మార్చిలో చలికి చుట్టిన కట్టు విప్పి నడిమి ఆకు పట్టుకుంటే చేతికి ఊడొచ్చింది. అడుగంతా గోధుమరంగు, కుళ్లు వాసన. చెట్టు కొన్నచోట అడిగితే పీకేసి ఇంకోటి పెట్టుకోమన్నారట. వీడియో కాల్‌లో వాడి మొహం చూసి నాకే టెన్షన్ పట్టుకుంది.

అందరికంటే ముందు గార్లదిన్నె వైపు ఈతకల్లు గీసే తాతకు దండం. ఫోటో చూపిస్తే కళ్లు చికిలించి చూసి, "ఊడొచ్చినంత మాత్రాన సచ్చినట్టు కాదు పాపా, అడుగున గట్టిగుందో మెత్తగుందో వేలు పెట్టి సూడమను" అన్నాడు. ఈతచెట్టును ఏటా ఒక పక్క మార్చి ఒక పక్క గీస్తారు, గీత మొవ్వుకు తగలకుండా చూసుకుంటారు. వేపకో చింతకో కొమ్మ నరికితే పక్కన ఇంకోటి చిగురిస్తుంది. తాటిజాతి చెట్లకు ఆ వీలు లేదు, ఒంటి మానుకు ఉన్నది ఒకటే చిగురు, అది పోతే చెట్టంతా పోయినట్టే. అయితే ఆ చిగురు పుట్టే చోటు బయటికి కనిపించే ఆకుకంటే చాలా కిందుగా ఉంటుంది. తమ్ముడు వేలు పెట్టి చూస్తే అడుగున గట్టిగానే తగిలింది. అసలు ధైర్యం వచ్చింది అక్కడే.

రెండోది హిందూపురం వైపు కొబ్బరితోట ఉన్న అన్న. కొబ్బరికి మొవ్వుకుళ్లు వస్తే కుళ్లిన కండంతా శుభ్రంగా తీసేసి, బోర్డో పేస్టు పూసి, కొత్త మొవ్వు వచ్చేదాకా వాన పడకుండా కప్పి ఉంచుతామన్నాడు. పేస్టు లెక్క కూడా చెప్పాడు: 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లలో, 100 గ్రాముల సున్నం ఇంకో అర లీటరులో విడివిడిగా కలిపి, తర్వాత రెండూ కలపాలి. ఇనుప పాత్ర వాడకూడదు. కలిపాక కత్తి మొన ముంచితే దానికి రాగి పట్టిందంటే సున్నం చాలలేదని గుర్తు. రిటైరైన ఉద్యానశాఖ సారు ఒకరు దానికి ఒక సవరణ చెప్పారు. మన దగ్గర ఆ కుళ్లు వానాకాలంలో ఫైటోఫ్తోరా అనే శిలీంధ్రంలాంటి సూక్ష్మజీవి వల్ల వస్తుంది. అక్కడ ముందు చలికి కండ దెబ్బతింటుంది, ఆ తర్వాతే కుళ్లు చేరుతుంది. కారణం వేరైనా చేయాల్సింది మాత్రం అదే, శుభ్రం చేసి పొడిగా ఉంచమన్నారు.

తమ్ముడు చెంచాతో గీకి శుభ్రం చేసి, అక్కడి మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశాడు. బుసబుసా నురుగు పొంగింది. ఆరాక రాగి మందు కొట్టి, పైన గాలి ఆడేలా పుల్లల మీద బకెట్ బోర్లించాడు. మే చివర్లో పచ్చగా మొన కనిపించింది. మొదటి ఆకు సగం కత్తిరించినట్టు మొండిగా విచ్చుకుంది. లోపల దెబ్బతిన్న ఆకులు అలాగే వస్తాయి, కంగారు పడొద్దని సారు ముందే చెప్పి ఉండకపోతే నాకు మళ్లీ నిద్ర ఉండేది కాదు.

ఇక వచ్చే చలికాలం సంగతి. వర్జీనియాలో ఉంటున్న మన గుంతకల్లు అమ్మాయి ఒక ఆదివారమంతా వాడికే కేటాయించింది, అంత ఓపిక నాకైతే లేదు. నేల గడ్డకట్టకముందే నిండా నీళ్లు పెట్టాలట. వేర్ల దగ్గర మట్టి గడ్డకడితే నీళ్లు పైకి ఎక్కవు, ఎండకూ గాలికీ ఆకు మాత్రం ఆరిపోతూనే ఉంటుంది. మొదలు చుట్టూ ఎండుటాకులు మందంగా పరవాలి, ఆకులు పైకి ఎత్తి కట్టాలి, గోనెపట్టా చుట్టాలి. ప్లాస్టిక్ నేరుగా చుడితే లోపల చెమ్మ పడుతుంది, ఎండ రోజు ఉడికిపోతుంది. వేడి కోసం మానుకు పాతరకం సీరియల్ బల్బులు చుట్టాలి. ఎల్‌ఈడీవి పనికిరావు, వాటికి వేడి ఉండదు. 2 డిగ్రీల దగ్గర తనే ఆన్ అయ్యి 7 దగ్గర ఆగిపోయే ప్లగ్గు దొరుకుతుందట, అది వాడికి ఇప్పటికే పార్సిల్ పంపేసింది! నడినెత్తికి మాత్రం చుక్క నీరు దిగకుండా గొడుగు ఉండాలని మరీ మరీ చెప్పింది. ఇంకో చెట్టు పెట్టాలనిపిస్తే నీడిల్ పామ్ పెట్టమంది. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలదే ఆ జాతి, చలికి దీనికంటే గట్టిది, పొదలా పిలకలు వేస్తుంది కాబట్టి ఒక మొవ్వు పోయినా ఇంకోటి ఉంటుంది.

కల్లు గీసే తాత దగ్గర స్మార్ట్‌ఫోన్ లేదు. కొత్త ఆకు ఫోటో ప్రింట్ తీయించి పెట్టాను. అటు వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, దాంతో పాటు తమ్ముడు పంపిన స్వెట్టర్ కూడా ఇవ్వాలి.

ఆ చైనా చెట్టు మొక్క మాకూ తెప్పించమని కొందరు అడుగుతున్నారు. మన ఎండలకు అది సుఖపడదు. అనంతపురంలో ఖర్జూరం తోటలే కాస్తున్నాయి, ముచ్చటపడితే అది పెట్టుకోండి.