వరద ఏడాదిలో మన బడి: 2024-25 వార్షిక నివేదిక

మన బడి సంఘం సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఏడాది సర్వసభ్య సమావేశంలో మూడు పనులు ఒప్పుకున్నాం. ప్రహరీ గోడకు అక్షరాలూ బొమ్మలూ వేయించడం, వరండా చివర పుస్తకాల అర పెట్టడం, ఐదో తరగతి పిల్లలకు సాయంత్రం పూట లెక్కలు చెప్పించడం. మూడింటిలో ఒక్కటీ పూర్తి కాలేదు. లెక్కలు జూలైలో మొదలై ఆగస్టుతో ఆగిపోయాయి. అర కొన్నాం, నీళ్లలో నాని ఉబ్బి పనికిరాకుండా పోయింది. గోడకు రంగులు కొనకపోవడమే మేలైంది. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది నిదానంగా చెప్పుకోవచ్చు.

జూన్ 13న బడి తెరిచారు. ఆగస్టు 8న యాజమాన్య కమిటీ ఎన్నికలు జరిగాయి, మన సభ్యులు కొందరు అందులోకి వెళ్లారు. పంద్రాగస్టుకి జెండా కొయ్యకు కొత్త తాడు, పిల్లలకు లడ్డూలు. అంతవరకు రాయడానికి పెద్దగా ఏమీ లేని ఏడాది, అలాంటి ఏడాదే కావాలని ఇప్పుడు అనిపిస్తోంది.

ఆగస్టు 31 శనివారం వానకు సెలవిచ్చారు. ఆదివారం బుడమేరు వాగు మన విజయవాడ సింగ్‌నగర్ వీధుల్లోకి వచ్చేసింది. ఇక్కడున్న వాళ్లకు వివరం అక్కర్లేదు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండి ఇది చదివే పూర్వ విద్యార్థుల కోసం ఒక్క మాట. టీవీలో మీరు చూసిన ప్రకాశం బ్యారేజీ, 11 లక్షల 43 వేల క్యూసెక్కులు, గేట్లకు అడ్డం పడ్డ పడవలు, అది కృష్ణ. మనల్ని ముంచింది కృష్ణ కాదు. నది నిండుగా ఉంటే బుడమేరు మళ్లింపు కాలువ నీళ్లు అందులోకి దిగవు. దానికి తోడు కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. నాకు ఫోన్ చేసిన ప్రతివాళ్లకూ ఇది మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది గనక ఇక్కడే రాసిపెడుతున్నాను. మూడో గండి ఆర్మీ సాయంతో పూడ్చింది సెప్టెంబరు 7న, వినాయక చవితి రోజు. దానికి రెండు రోజుల ముందు, అంటే టీచర్స్ డే నాడు, మన టీచర్లు ఇద్దరు ఫ్లైఓవర్ దగ్గర పాల ప్యాకెట్లు పంచుతూ కనిపించారు. పడవలో వస్తున్న రెండో తరగతి పిల్లాడు నీళ్ల మధ్య నుంచే "గుడ్ మార్నింగ్ టీచర్" అని అరిచాడట. అప్పుడు టైము సాయంత్రం నాలుగు.

నీళ్లు తీశాక బడి తలుపు తోస్తే రాలేదు. లోపల మోకాలి దిగువ దాకా ఒండ్రు. బెంచీలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. గోడ మీద, నల్లబల్ల సగానికి, తాడు పట్టి గీసినట్టు గోధుమరంగు గీత. వీధులు కడగడానికి వచ్చిన ఫైరింజన్ వాళ్లను బతిమాలి లోపలికీ పైపు పెట్టించాం. మిగతాది పారలు, తట్టలు. ఆయమ్మ మూడు రోజులు వరసగా వచ్చింది. ఆమె ఇంట్లో బురద అప్పటికింకా తీయలేదని మాకు తర్వాత తెలిసింది. ఈ విషయం నివేదికలో ఉండాలని కమిటీలో అందరూ అన్నారు.

అన్నిటికన్నా భయపెట్టింది అడ్మిషన్ రిజిస్టర్లు. ఇప్పుడు వివరాలన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి గానీ పాత సంవత్సరాలవి ఆ పుస్తకాల్లోనే. పుట్టినతేదీ కోసం నడివయసు వాళ్లు ఇప్పటికీ వచ్చి అడుగుతుంటారు. బీరువా కింది అరలో ఉన్నవన్నీ తడిసి, ఇటుకల్లా బిగుసుకున్నాయి. హెచ్ఎం గారి అనుమతితో మా మేడ మీద గదికి తెచ్చి పేజీ పేజీకి మధ్య పాత పేపర్లు పెట్టి, ఫ్యాను కింద ఆరబెట్టాం. ఎండలో పెడితే కాగితం పెళుసెక్కుతుందని ఒక సభ్యుడు ముందే హెచ్చరించారు, ఆయన ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేసిన మనిషి. రెండు వారాలు పట్టింది. బాల్ పెన్నుతో రాసినవి నిలిచాయి. సిరా పెన్నుతో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన పేజీలే నీలం మరకలైపోయాయి. మన సంఘం పెద్దల పేర్లు కొన్ని అందులోనే కరిగిపోయాయి.

ఇక అసలు విషయం. గేటు తీసినంత మాత్రాన బడి తెరిచినట్టు కాదని ఈ సెప్టెంబరులో మాకు తెలిసొచ్చింది. టీచర్లు వచ్చారు, భోజనం బండి వచ్చింది, గుడ్లు వచ్చాయి, పిల్లలు రాలేదు. కొందరు అమ్మమ్మగారి ఊళ్లలో ఉన్నారు. కొందరు ఇక్కడే, ఇంట్లోనే ఉన్నారు. ఎందుకని మా కమిటీ వాళ్లు ఇల్లిల్లూ తిరిగితే ఒక తల్లి చెప్పిన మాట:

"నష్టం రాసుకునేవాళ్లు ఏ పూట వస్తారో తెలీదండీ. తాళం వేసి ఉంటే పేరు పోతుంది. నేను వార్డు సచివాలయం దగ్గర లైన్లో ఉంటే ఇల్లు కనిపెట్టుకుని ఉండేది ఎవరు? చిన్నదాన్ని చూసుకునేది ఎవరు?"

కనిపెట్టుకుని ఉన్నది నాలుగో తరగతి చదివే పెద్దమ్మాయి. నేల అంతస్తు మునిగితే 25 వేలు, పై అంతస్తుకు 10 వేలు అని ప్రభుత్వం చెప్పింది. ఆ పాతిక వేల కోసం ఎదురుచూసే ఇంట్లో పిల్ల బడి మానడం బాధ్యత లేకపోవడం కాదు, లెక్క. ఆ తల్లికి మేం పాఠం చెప్పలేదు. ఒక్కో వీధికి ఇద్దరేసి సభ్యులు, ఎక్కువగా రిటైరైన వాళ్లు, పగలు అరుగుల మీద కూర్చుని సర్వే వాళ్లు వస్తే ఇంటివాళ్లకు ఫోన్ చేసేలా ఏర్పాటు చేసుకున్నాం. ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో పైసా ఖర్చులేనిదీ, బాగా పనికొచ్చిందీ ఇదొక్కటే. నెలాఖరుకు డబ్బులు ఖాతాల్లో పడటం మొదలయ్యాక పిల్లలు వాళ్లంతట వాళ్లే వచ్చారు. మూడు రోజులు తిరిగేసరికి దసరా సెలవులు, అక్టోబరు 3 నుంచి 13 వరకు. సగం టర్మ్ అలా గడిచింది.

కొన్ని కుటుంబాలు తిరిగి రాలేదు. పై అంతస్తులో ఇల్లు దొరికితే చాలని వేరే పేటలకు మారిపోయారు. టీసీ తీసుకునే రోజు ఐదో తరగతి పిల్ల ఒకతి తన పలక తరగతిలోనే వదిలేసి వెళ్లింది. మర్చిపోయిందో, కావాలని వదిలేసిందో. మేం అడగలేదు.

దాతల గురించి ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. అడగకుండానే వచ్చి ఆదుకున్న అందరికీ సంఘం తరఫున కృతజ్ఞతలు. కానీ వచ్చినవన్నీ బ్యాగులూ నోటుపుస్తకాలే. ఒక్కో పిల్లకు మూడు బ్యాగులు అందాయి, మూడూ ఫొటోలతో సహా. ఒక బృందం వాళ్లయితే పిల్లలు వేసుకున్న పాత బ్యాగు తీయించి కొత్తది తగిలించి ఫొటో దిగి వెళ్లారు. ఆ పాతది అంతకు ముందు వారం ఇంకెవరో ఇచ్చిన కొత్తదే! అదే నెలలో నీళ్ల మోటారు కాలిపోయి మరుగుదొడ్లలో నీళ్లు లేవు. ఆడపిల్లలు మధ్యాహ్నం ఇంటికెళ్తే మళ్లీ వచ్చేవాళ్లు కాదు. మోటారు వైండింగ్‌కి డబ్బులివ్వండి అని అడిగితే, "బ్యాగులైతే ఇస్తామండీ" అన్నవాళ్లే ఎక్కువ. చివరికి మన చందాల నుంచే వైండింగ్ చేయించాం. ఈసారి ఎవరైనా సాయం చేస్తామంటే ముందు మన దగ్గరున్న జాబితా చూపించాలని తీర్మానం పెడుతున్నాం.

డిసెంబరు 7న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. ఏటా మన మీటింగులకు తల్లులు వస్తారు, తండ్రులు "డ్యూటీ ఉందండీ" అంటారు. ఈసారి తండ్రులు కూడా వచ్చారు. ముగ్గుల పోటీ, తాడులాగే పోటీ, పిల్లలతో కలిసి భోజనం. తాడు తెగింది, దెబ్బలేమీ తగల్లేదు. మార్కుల గురించి మాట్లాడటానికి కూర్చున్నవాళ్లు చివరికి వరదరోజుల గురించే మాట్లాడుకున్నారు, టీచర్లు కూడా ఆపలేదు. సంక్రాంతి, రిపబ్లిక్ డే మామూలుగా జరిగాయి.

చదువు వెనకబడిందా అని చాలామంది అడుగుతున్నారు. వెనకబడింది. రెండో తరగతిలో గుణింతాలు మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చిందని టీచరమ్మే చెప్పారు. ఇంకోటి కూడా చెప్పారు. దసరా తర్వాత ఒక మధ్యాహ్నం గట్టిగా వాన పట్టింది. ఆమె బోర్డు మీద రాస్తూ వెనక్కి తిరిగేసరికి పిల్లలందరూ బ్యాగులు నేలమీద నుంచి తీసి బెంచీల మీద పెట్టి, కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నారట. ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఏడవలేదు. ఆమె రాయడం ఆపేసి కథ చెప్పడం మొదలుపెట్టారు, వాన తగ్గేదాకా.

ఒంటిపూట బడులు మార్చి 15న మొదలయ్యాయి. ఏప్రిల్ 23 ఆఖరి రోజు. ఏటా చేసే వీడ్కోలు విందు ఈసారి వద్దనుకుని మజ్జిగ, పులిహోరతో సరిపెట్టాం. పిల్లలకు తేడా తెలియలేదు.

ఈ ఏడాది సభ్యత్వ చందా అడగలేదు. ఇవ్వగలిగిన వాళ్లు ఇచ్చారు, బయట ఊళ్ల నుంచి పూర్వ విద్యార్థులు పంపారు. పద్దు పుస్తకం, రసీదులు సమావేశంలో బల్ల మీద ఉంటాయి, ఎవరైనా చూడొచ్చు. సెప్టెంబరు రసీదులు కొన్ని లేవు. అప్పుడు పారలూ బ్లీచింగ్ పౌడరూ అమ్మినవాళ్లు రసీదులిచ్చే స్థితిలో లేరు, అడిగే స్థితిలో మేమూ లేము. ఆ మొత్తం విడిగా రాశాం.

సమావేశంలో తేల్చాల్సినవి రెండు. మోటారుకు నడుమెత్తు దిమ్మ కట్టించి దాని మీదికి ఎక్కించాలి, రిజిస్టర్ల బీరువా కూడా మేడ గదికి మార్చాలి. ఇందులో ఎవరికీ అభ్యంతరం ఉండదనుకుంటాను. రెండోది గోడ మీది గీత. గుర్తుగా ఉంచేద్దామని కొందరు, సున్నం వేసేద్దామని కొందరు. నా ఓటు సున్నానికే. రోజంతా బోర్డు వైపు చూసే పిల్లలు దాంతో పాటు ఆ గీతను కూడా చూడనక్కర్లేదు. ఉంచాలనే వాళ్ల వాదన కూడా విందాం. ఏది తేలినా జూన్ 12న బడి తెరిచేలోపు పని అయిపోవాలి, సున్నం ఆరడానికి వారం పడుతుంది.

ఇట్లు,
కార్యదర్శి