సమ్మె హక్కు కాగితానికే పరిమితం కాకూడదు

సంపాదకులకు నమస్కారం.

2025 నవంబరు 21న కార్మిక సంఘాలు, సమ్మెలు, తొలగింపులపై కేంద్రం తెచ్చిన కొత్త చట్టం, పారిశ్రామిక సంబంధాల కోడ్, అమల్లోకి వచ్చినప్పటి నుంచి చర్చంతా 300 అనే అంకె చుట్టూనే తిరుగుతోంది. కార్మికుల తొలగింపునకు, మూసివేతకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరయ్యే సంస్థలోని కార్మికుల సంఖ్య పరిమితిని 100 నుంచి 300 మందికి పెంచడం తీవ్రమైన విషయమే. అంతకంటే తీవ్రమైనది సమ్మె నిబంధనల్లో ఉంది.

కలిసి అడగడమే తప్పుగా చూసిన రోజులున్నాయి. మద్రాసులో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల కార్మికులు 1918లో సంఘం పెట్టుకున్నారు. తర్వాత వచ్చిన వివాదంలో ఆ మిల్లులను నడిపే బిన్నీ కంపెనీ ఆ సంఘం నాయకుడు బి.పి. వాడియా తదితరులపై హైకోర్టులో దావా వేసి నిషేధాజ్ఞ తెచ్చుకుంది. అలాంటి దావాల నుంచి సంఘాలకు రక్షణ కల్పించింది 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం. ఒంటరి కార్మికుడు యజమానితో సమానంగా బేరమాడలేడు కాబట్టి, సంఘటితంగా ఆడే బేరానికి చట్టం అండగా నిలవాలన్నదే దాని ఉద్దేశం.

పాత చట్టంలో, అంటే 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో, సమ్మెకు ముందస్తు నోటీసు రైల్వేలు, విద్యుత్తు, నీటి సరఫరా వంటి ప్రజోపయోగ సేవలకే తప్పనిసరి. ఇప్పుడు ప్రతి పరిశ్రమలోనూ 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసుపై ఇరుపక్షాల మధ్య రాజీ కుదిర్చే ప్రభుత్వ అధికారి తొలి సమావేశం జరపగానే రాజీ ప్రక్రియ మొదలైనట్టే. అది ముగిసి ఏడు రోజులు గడిచే వరకు సమ్మె చట్టవిరుద్ధం. ఆలోగా యాజమాన్యం పారిశ్రామిక వివాదాలు విచారించే ట్రిబ్యునల్‌కు వెళితే విచారణ సాగినంత కాలం, ఆపై మరో 60 రోజులు నిషేధం ఉంటుంది. సగం మంది ఒకేరోజు క్యాజువల్ లీవు పెట్టినా సమ్మె కిందే లెక్క. సమ్మె చేసే వీలే లేనప్పుడు యాజమాన్యం చర్చలకు ఎందుకు తొందరపడుతుంది?

కోడ్‌లో మంచి లేదనను. చర్చలు జరిపే సంఘానికి చట్టబద్ధ గుర్తింపు ఇవ్వడం చాలాకాలంగా ఉన్న డిమాండే. మస్టర్ (హాజరు పట్టీ)లోని కార్మికుల్లో 51 శాతం మద్దతున్న సంఘానికి ఆ హోదా దక్కుతుంది. అయితే ఆ మద్దతును సభ్యత్వ రసీదులతో తేల్చితే యాజమాన్యాల ఒత్తిడికి తావిచ్చినట్టే. సింగరేణిలో 1998 నుంచి గుర్తింపు సంఘాన్ని రహస్య బ్యాలెట్‌తోనే ఎన్నుకుంటున్నారు. 2023 డిసెంబరులోనూ అలాగే జరిగింది. ఆ పద్ధతినే అన్ని పరిశ్రమలకూ తప్పనిసరి చేయాలి. రాజీ ప్రక్రియ విఫలమయ్యాక యాజమాన్యం ఒక్కటే ట్రిబ్యునల్‌కు వెళ్లి సమ్మెను అడ్డుకునే వీలు లేకుండా పార్లమెంటు కోడ్‌ను సవరించాలి. తెలుగు రాష్ట్రాల ఎంపీలు ఈ సవరణ కోసం పట్టుబట్టాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత గని కార్మికుడు, గోదావరిఖని