మిర్చి ఇప్పుడే అమ్మకు నాన్నా

లండన్, ఈస్ట్ హామ్
నవంబర్ 2025

నాన్నా,

కోల్డ్ స్టోరేజీలో ఉన్న బస్తాలు ఈ వారంలోనే తీసి ఖమ్మం యార్డుకి తోలదామని అనుకుంటున్నావట, తమ్ముడు చెప్పాడు. నాకు డబ్బు పంపడానికేనట. ఆ పని మాత్రం చేయకు. జనవరిలో షిఫ్టులు తగ్గుతాయని నేను అన్న మాట పట్టుకుని ఇంత దూరం ఆలోచించావని నాకు తెలుసు. ఫోన్లో చెబితే "సరేలేమ్మా, నువ్వు చదువుకో" అని పెట్టేస్తావు, అందుకే ఇవాళ కూర్చుని రాస్తున్నాను. తమ్ముడితో చదివించుకో, అమ్మని కూడా పక్కన కూర్చోబెట్టుకో. కొత్త పంట రాకముందే పాత సరుకు అమ్మాలని నాకూ తెలుసు, అది రేటు చూసి నువ్వు తేల్చుకోవాల్సిన విషయం. నా కోసమని తొందరపడి తెగనమ్మొద్దు అంతే. ఇక్కడ నెలకి ఎంత వస్తోందో, ఎంత పోతోందో అంతా రాస్తాను. చూశాక కూడా నీకు బెంగగానే ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం.

ముందు అద్దె. నేనూ ఆ నల్గొండ అమ్మాయీ ఒకే గదిలో ఉంటున్నామని చెప్పాను కదా, కరెంటు, గ్యాస్, నీళ్ళు, ఇంటర్నెట్ అన్నీ కలిపి నా వాటా నెలకి 420 పౌండ్లు. నువ్వు వెంటనే 117తో గుణిస్తావు, నలభై తొమ్మిది వేలు అంటావు, అమ్మ అక్కడే కూలబడుతుంది. కానీ నాన్నా, ఇక్కడి ఖర్చుని ఇక్కడి సంపాదనతోనే చూడాలి. నాకు గంటకి 12.21 పౌండ్లు ఇస్తారు, ఇరవై ఒకటి నిండిన వాళ్ళకి అంతకంటే తక్కువ ఇవ్వకూడదని ఏప్రిల్ నుంచి ఇక్కడి ప్రభుత్వం పెట్టిన రేటు అది. వారానికి 16 గంటలు చేస్తున్నాను. అంటే రెండు వారాల పని ఇంచుమించు అద్దెకి పోతుంది, మిగతా రెండు వారాల డబ్బుతో తిండీ బస్సూ గడుస్తాయి. రూపాయల్లో లెక్కపెట్టడం మానేసి పని గంటల్లో లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాకే నాకు రాత్రుళ్ళు నిద్ర పడుతోంది. నువ్వూ అలాగే చూడు.

ఇంకా తక్కువకి దొరుకుతుంది కదా అని పెదనాన్న అన్నారట. దొరుకుతుంది. నలుగురు ఒకే గదిలో పరుపులు వేసుకుని పడుకునే ఇళ్ళు ఈ చుట్టుపక్కలే ఉన్నాయి, నేను వెళ్ళి చూశాను కూడా. తలా ఒక షిఫ్టు, ఒకరు పడుకునే వేళకి ఇంకొకరు లేచి వంట చేస్తుంటారు, చదువుకోవడానికి కుర్చీ వేసుకునే చోటు లేదు. నెలకి నూట యాభై దాకా మిగిలేది, నిజమే. కానీ ఇన్ని లక్షలు పోసి వచ్చింది చదువుకోడానికి, ఆ నూట యాభై కోసం చదువు పోగొట్టుకోలేను. పెదనాన్నకి కోపం రాకుండా ఈ మాట నువ్వే చెప్పు.

అడ్వాన్సు సంగతి కూడా నీకు చెప్పలేదు. ఇక్కడ 2019 నుంచి ఒక చట్టం ఉంది, మామూలు అద్దె ఇళ్ళకి అయిదు వారాల అద్దెకి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. పైగా ఆ డబ్బుని ఇంటాయన తన జేబులో వేసుకోవడం కుదరదు, 30 రోజుల్లోపు ప్రభుత్వం ఒప్పుకున్న స్కీమ్‌లో జమ చేసి ఆ వివరాలు మాకు ఇవ్వాలి. నాది 484 పౌండ్లు, జమ అయినట్టు కాగితం నా దగ్గర ఉంది. ఫొటో తీసి పంపిస్తాను, తమ్ముడి ఫోన్లో దాచి పెట్టుకో. ఇల్లు చూడకుండా, కాగితం రాయకుండా వాట్సాప్‌లో డబ్బు అడిగే వాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు, కొత్తగా వచ్చిన మన పిల్లలే వాళ్ళకి దొరుకుతారు. అత్తయ్య కొడుకు రావాలనుకుంటున్నాడు కదా, ముందు ఈ మాట వాడి చెవిన వెయ్యి.

వాడి గురించి ఇంకొకటి. మనం వీసాకి లండన్ లెక్కన నెలకి 1,483 చొప్పున తొమ్మిది నెలలకి 13,347 పౌండ్లు చూపించాం. ఈ నెల 11 నుంచి దాన్ని నెలకి 1,529 చేశారు, మొత్తం 13,761. ఆ డబ్బు అకౌంట్లో వరసగా 28 రోజులు ఉండాలి, మధ్యలో ఒక్క రోజు తగ్గినా మళ్ళీ మొదటికే. ఎవరి దగ్గరో రెండు రోజులకి తెచ్చి చూపించి తిరిగిచ్చేద్దామంటే కుదరదని మామయ్యకి గట్టిగా చెప్పు. వాడిది బ్యాంకు లోనైతే శాంక్షన్ లెటర్ సరిపోతుంది.

బస్సులే ఎక్కుతున్నాను నాన్నా, రైలు ఎక్కువ ఎక్కడం లేదు. ట్యూబ్‌లో, అంటే ఇక్కడి భూగర్భ రైల్లో, త్వరగా వెళ్ళొచ్చు గానీ సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ఛార్జీ ఎక్కువ. బస్సుకి ఎప్పుడెక్కినా 1.75, గంటలోపు ఎన్ని బస్సులు మారినా అదే టికెట్టు. రోజూ తిరిగేదాన్ని కాబట్టి నెల పాస్ తీసుకున్నాను, మామూలుగా 94.90, విద్యార్థి కార్డు ఉంటే 30 శాతం తగ్గి 66 పౌండ్ల చిల్లర పడుతుంది. ఆ కార్డు తీసుకోమని మా సీనియర్ అక్క మొదటి వారంలోనే చెప్పింది, ఆమె రుణం నేను తీర్చుకోలేను. బస్సులో పైఅంతస్తులో ముందు సీటు దొరికితే క్లాసు నోట్సు అక్కడే చదివేసుకుంటాను.

పని గురించి అడుగుతున్నావు. షాపులో సరుకులు సర్దడం, బిల్లింగ్. నిలబడి చేసేదే, అంతకంటే ఏం లేదు, నేను బాగానే ఉన్నాను. చదువు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు దాటకూడదని వీసాలోనే ఉంది, నేను దానికి నాలుగు గంటలు కిందే ఉన్నాను. చేతికి డబ్బిస్తాం, ఎక్కువ గంటలు చేయమని అడిగే వాళ్ళు ఉంటారు, వేరే వాళ్ళ అకౌంటు మీద ఫుడ్ డెలివరీ చేసుకోమని చెప్పే వాళ్ళూ ఉంటారు. స్టూడెంట్ వీసా మీద అలా సొంతంగా చేసే పని అసలు చేయకూడదు. దొరికితే వీసా పోతుంది, నీ పొలం మీద తెచ్చిన లోన్ మాత్రం అలాగే ఉంటుంది. ఆ దారిన నేను వెళ్ళను, ఈ విషయంలో నువ్వు నిశ్చింతగా ఉండు.

అమ్మా, ఇక నీ వంతు. తింటున్నాను. సన్నబియ్యం పది కిలోల సంచి తెచ్చుకుంటున్నాం, సోనా మసూరి ఇక్కడ దొరకడం కష్టమేమీ కాదు, ఈస్ట్ హామ్‌లో హై స్ట్రీట్ మీద నడుస్తుంటే తమిళ కొట్లూ మన కొట్లూ వరసగా ఉంటాయి. కందిపప్పు, చింతపండు, గోంగూర కూడా దొరుకుతాయి. గోంగూర చిన్న కట్ట ధర చూస్తే మన పెరట్లో ఊరికే పెరిగింది గుర్తొచ్చి మనసు ఒప్పుకోదు, అందుకే పండగలకి మాత్రమే. కూరగాయలకి శనివారం గ్రీన్ స్ట్రీట్ దగ్గర క్వీన్స్ మార్కెట్‌కి వెళ్తాం, అక్కడ గిన్నె లెక్కన అమ్ముతారు, గిన్నె నిండా టమాటాలో పచ్చిమిరపకాయలో పోసి సంచిలో కుమ్మరిస్తారు, సూపర్ మార్కెట్ కంటే చాలా నయం. పాలు, గుడ్లు, బ్రెడ్ లిడిల్ అనే సూపర్ మార్కెట్‌లో. సాయంత్రం మూసే ముందు వెళ్తే ఆ రోజుతో డేటు అయిపోయేవాటి మీద స్టిక్కర్ వేసి ధర తగ్గించి ఇచ్చేస్తారు, పెరుగు, పళ్ళు అలాగే కొంటాం. పాడైపోయినవి కావు, భయపడకు. ఇద్దరం కలిసి వండుకుంటే నా తిండి ఖర్చు నెలకి 120 దాటడం లేదు. బయట తినేది నెలకి ఒక్కసారి, దోశ మీద మనసు ఆగనప్పుడు.

నాయనమ్మ పెట్టిన చింతకాయ తొక్కు ఇంకా ఉంది. అన్నంలో రోజూ కలుపుకోవడం లేదు, అయిపోతుందని.

దగ్గు తగ్గింది. ఇక్కడ వీసాతో పాటే ఏడాదికి 776 లెక్కన ఆరోగ్యానికి కట్టేశాం కదా, అందుకే ఇంటి దగ్గర డాక్టర్ దగ్గర పేరు రాయించుకున్నాను, చూపించుకుంటే ఫీజు ఉండదు. మందుల చీటీకి మాత్రం ఒక్కో మందుకి 9.90 కట్టాలి. నువ్వు కట్టిచ్చిన మాత్రలూ మిరియాల పొడీ ఉండగా ఆ అవసరం రాలేదు. పంటికి, కంటికి మాత్రం అలా ఉచితం కాదు, అందుకే వచ్చే ముందు ఖమ్మంలో పన్ను చూపించుకోమని నువ్వు పోరింది ఎంత మంచిదయిందో.

కోటు గురించి తమ్ముడు నీకు చెప్పాడట, నువ్వు ఏడ్చావట. ఎవరో తొడిగి వదిలేసిన కోటు అని ఎందుకు అనుకుంటావమ్మా. ఇక్కడ ప్రతి బజారులో దానం ఇచ్చిన వస్తువులు అమ్మే షాపులు ఉంటాయి, ఆ డబ్బు ఆసుపత్రులకీ పేదవాళ్ళకీ పోతుంది, మా ప్రొఫెసర్లు కూడా అక్కడ కొంటారు. నా కోటు 12 పౌండ్లు, ఉతికి ఆరేసుకున్నాను, మందంగా వెచ్చగా ఉంది. కొత్తది కొనాలంటే నాకు ఒక రోజు జీతం సరిపోదు. లోపల వేసుకునే థర్మల్స్ మాత్రం ప్రైమార్క్‌లో కొత్తవే కొన్నాను. నన్ను చూసి జాలిపడాల్సిందేమీ లేదు, నిజంగా.

చీకటి మాత్రం బాధిస్తోంది. అక్టోబర్ చివర గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు, అప్పటి నుంచి సాయంత్రం నాలుగున్నరకే పూర్తిగా పొద్దుగూకుతోంది. క్లాసు నుంచి బయటికి వచ్చేసరికి రాత్రి. ఆ వేళకి మీకు పది దాటి ఉంటుంది, పడుకుని ఉంటారని ఫోన్ చేయను. ఆదివారాలు లక్ష్మీ గుడికి వెళ్తున్నాను, మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరమే, అక్కడ తెలుగు వినిపిస్తుంది. కాసేపు కూర్చుని వస్తే వారమంతా నడుస్తుంది.

నాన్నా, ఇప్పుడు మొత్తం చూసుకో. అద్దె 420, బస్సు 66, తిండి 120, ఫోన్ 10, సబ్బులూ బట్టలూ పుస్తకాలూ చిల్లరా కలిపి 60. మొత్తం 676. జీతం నెలకి 846 దాకా వస్తుంది, ఈ మాత్రం దానికి పన్ను పడదు. 170 మిగులుతోంది. వచ్చిన కొత్తలో అడ్వాన్సు, దుప్పట్లు, గిన్నెలు అంటూ లోన్ డబ్బు వాడుకున్నాను, అక్టోబర్‌లో పని దొరికాక దాన్ని ముట్టుకోలేదు. కౌన్సిల్ టాక్స్ అని ఇంటి పన్ను ఉంటుంది, ఇంట్లో అందరం ఫుల్ టైమ్ విద్యార్థులమే కాబట్టి మాకు లేదు. పై గది అమ్మాయి కోర్సు జనవరిలో అయిపోతుంది, ఆమె ఇక్కడే ఉండి ఉద్యోగంలో చేరితే ఆ బిల్లు మొదలవుతుంది, 25 శాతం తగ్గించి వేస్తారు. అది తనే కడతానంది. అందరం కూర్చుని మాట్లాడుకున్నాం.

ఇక జనవరి. పండగ రద్దీ అయిపోయాక షాపులో గంటలు తగ్గిస్తారు, వారానికి పదో పన్నెండో ఇస్తారని మేనేజర్ ముందే చెప్పింది. పది గంటలే అయినా నెలకి 529 వస్తుంది, 147 తక్కువ పడుతుంది, అంతే. డిసెంబర్‌లో యూనివర్సిటీ సెలవులిచ్చిన రోజుల్లో 20 గంటల నిబంధన ఉండదు, అప్పుడు వారానికి 35 గంటలు అడిగాను, సరేనన్నారు. పన్ను కొంచెం కోసినా ఆ మూడు వారాల్లో అదనంగా వచ్చేదే జనవరి, ఫిబ్రవరి లోటుకి సరిపోతుంది. క్రిస్మస్ రోజు ఇక్కడ బస్సులూ రైళ్ళూ ఏమీ తిరగవు, షాపూ మూసేస్తారు, ఆ రోజు పడుకుంటాను. ఎండాకాలంలో మాత్రం మాకు ప్రాజెక్టు ఉంటుంది, అప్పుడు కాలేజీ ఖాళీగా ఉన్నా 20 గంటలే చేయాలి, ఆ లెక్క కూడా వేసుకునే ఉన్నాను. జనవరిలో కట్టాల్సిన ఫీజు బ్యాంకు వాళ్ళు నేరుగా యూనివర్సిటీకే పంపుతారు, అది శాంక్షన్‌లోనే ఉంది, దానికి నువ్వేం తేవాల్సిన పని లేదు.

లోన్ వడ్డీ నెలనెలా నువ్వు కడుతున్నావని నాకు తమ్ముడు చెప్పాడు. నాతో అనలేదు నువ్వు. చదువయ్యే దాకా కట్టకపోయినా బ్యాంకు ఏమీ అనదు, కానీ ఆ వడ్డీ అసలులో కలిసి పెరుగుతుందని నీ భయం, అది నాకు అర్థమవుతుంది. ఫిబ్రవరి గడిచాక నెలకి వంద పౌండ్లు నేను పంపుతాను, వడ్డీలో కొంతైనా తీరుతుంది. వద్దనకు. నువ్వు మిర్చి కోసం పడ్డ కష్టం నాకు తెలియదా, కోతల రోజుల్లో చేతులు మండుతుంటే మజ్జిగలో పెట్టుకుని కూర్చునేవాళ్ళు మీరిద్దరూ. ఆ బస్తాలు నీ ధరకే పోవాలి.

ఒకవేళ అమ్మడమే మంచిదనిపిస్తే, ఆ డబ్బు ముందు తమ్ముడి సెమిస్టర్ ఫీజుకి పెట్టు, వాడు అడగడానికి మొహమాటపడుతున్నాడు. ఆఖరి తేదీ ఎప్పుడో కనుక్కుని నాకూ చెప్పు. మెట్‌పల్లి అన్నయ్య జనవరిలో ఇక్కడికి వస్తున్నాడట, ఖాళీ ఉంటే మన కారం ఒక కిలో, నాయనమ్మ తొక్కు చిన్న డబ్బా పంపించండి. గట్టిగా ప్యాక్ చేయండి, పోయినసారి నూనె కారి నా సర్టిఫికెట్ల ఫైలు దాకా వచ్చింది. నాయనమ్మ మోకాళ్ళకి ఆ నూనె రాస్తున్నారా? అమ్మా, రాత్రుళ్ళు ఫోన్ పక్కన పెట్టుకుని మేలుకోకు, నేనే ఆదివారం పొద్దున చేస్తాను, మీకప్పుడు మధ్యాహ్నం భోజనాల వేళ.

ఉంటాను నాన్నా.

మీ పెద్దమ్మాయి