బాబాయి, ఆరు గుర్రాల బండి

ఒరేయ్ చార్వాకా,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. మొదటిది వచ్చి నాలుగు నెలలైంది. జవాబు రాయనందుకు మన్నించు. మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ "ఇక్కడ అందరం క్షేమం" అనే మాట దగ్గరే కలం ఆగిపోయింది. ఇవాళ సాయంత్రం బస్సుకు మీ అన్నయ్య అటు వస్తున్నాడని తెలిసింది. ఆయన చేతికే ఇచ్చి పంపుదామని భోజనం కూడా చేయకుండా కూర్చున్నాను.

మామూలు కబుర్లు ముందే కానిచ్చేస్తాను. చెల్లికి సంబంధం కుదిరింది, పెళ్లి మాఘంలో. అమ్మ మోకాళ్ల నొప్పులు అలాగే ఉన్నాయి. మీ పెరటి మామిడి ఈసారి విరగకాసింది, మీ అమ్మగారు బుట్టెడు కాయలు పంపారు. నా ఉద్యోగం ఎప్పటిలాగే. అంతే.

ఇక బాబాయి. మోపెడ్‌కు గేదె అడ్డం వచ్చి పడ్డాడనీ, తలకు ఆపరేషన్ జరిగిందనీ, గండం గడిచిందనీ నీకు ఫోనులో చెప్పాను కదా. అదంతా నిజమే. చెప్పనిది ఆ తర్వాతి కథ.

ఇంటికి తెచ్చిన మొదటి నెల పండగలా గడిచింది. మనుషుల పేర్లు గుర్తున్నాయి, ధాన్యం ధరలు గుర్తున్నాయి, పంతొమ్మిదో ఎక్కం గడగడా ఒప్పజెప్పాడు. ఏమీ పోలేదనుకున్నాం. తర్వాత ఒక్కొక్కటే బయటపడింది. పాలు పొంగిపోయాయని పిన్నిని ఒక మాట అన్నాడు, అది నేను కాగితం మీద పెట్టలేను. బజారుకు వెళ్లి ఒకేసారి పదకొండు తువ్వాళ్లు కొనుక్కొచ్చాడు. ఒకరోజు చొక్కా చేతిలో పట్టుకుని మంచం మీద గంటసేపు అలాగే కూర్చున్నాడు. నేను "వేసుకో బాబాయ్" అనగానే వేసుకున్నాడు. ఒకరు పొగరన్నారు, ఒకరు గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించమన్నవాళ్లూ ఉన్నారు. పిన్ని ఎవరికీ జవాబు చెప్పదు. మనిషి సగమైపోయింది.

మూడు వారాల క్రితం చెల్లి నిశ్చితార్థం. బాబాయి ఎలాంటి గుమాస్తానో నీకు తెలుసు. ఊళ్లో ఎవరికి ఎంత అప్పుందో మిల్లు చిట్టాలో ఉండేది, బాబాయి బుర్రలో ఉండేది, మూడో చోట ఉండేది కాదు. అలాంటి మనిషి, తాంబూలాలు మార్చుకుంటున్న సమయంలో, నిండు పందిట్లో, "ఈ పెళ్లి కోసం మా అన్నయ్య ఎకరంన్నర తాకట్టు పెట్టాడండీ, మీకు చెప్పలేదు కదూ" అన్నాడు. అని నవ్వాడు కూడా.

నాన్న తల ఇంకా నా కళ్ల ముందు అలా వంగే ఉంది. పెళ్లికొడుకు తండ్రి ఎంత మంచివాడంటే, "తాకట్టు లేని రైతు ఎక్కడున్నాడు బావగారూ, మాకూ ఉన్నాయి" అని తాంబూలం అందుకున్నాడు. ఆయనకు జీవితాంతం రుణపడి ఉంటాం. నేను మాత్రం ఊరుకోలేకపోయాను. బాబాయిని పెరట్లోకి లాక్కెళ్లి అరిచాను. చిన్నప్పుడు మన ఇద్దరికీ ఈత నేర్పిన మనిషి మీద, రెండు చేతులూ పట్టుకుని అరిచాను. ఆయన ఏమన్నాడో విను. "తప్పని తెలుసురా. అంటున్నప్పుడు కూడా తెలుసు. తెలిసేలోపే నోట్లోంచి వచ్చేసింది."

ఆ తర్వాత, ఏమీ జరగనట్టే, పళ్లెంలోంచి ఆకు తీసి, ఈనె గిల్లి, సున్నం రాసి, వక్క పెట్టి మడిచి నా నోటికి అందించాడు. నమిలాను. ఒక్క క్షణం ఆగి, "పండిందా?" అన్నాడు. అదే గొంతు! మిల్లు అరుగు మీద మనల్ని పక్కపక్కన కూర్చోబెట్టి, నాలుకలు చాపమని ఎవరిది ఎక్కువ పండిందో చూసేవాడే, సరిగ్గా ఆ గొంతు. గోడ పట్టుకుని ఏడ్చాను.

అప్పుడు నువ్వే గుర్తొచ్చావు. హాస్టల్ మేడమీద మన తగాదా ఎన్ని రాత్రులు సాగిందో! ఆకులో ఎరుపు లేదు, వక్కలో లేదు, సున్నంలో లేదు, మూడూ కలిసి నలిగితే ఎరుపు పుడుతుంది, చైతన్యమూ అంతే అని, దేహానికి వేరుగా ఆత్మ లేదన్న చార్వాకుల మాట నువ్వు చెప్పేవాడివి. నేను కఠోపనిషత్తు పట్టుకుని కూర్చునేవాణ్ణి. శరీరం రథం, బుద్ధి సారథి, మనస్సు కళ్లెం, ఇంద్రియాలు గుర్రాలు, ఆత్మ రథికుడు. రథం విరిగితే రథికుడికి దెబ్బ తగలదు అని వాదించాను. ఎంత ధీమాగా చెప్పాను! మరి మా పిన్నికి రాత్రిళ్లు ఏమని చెప్పను? "రథికుడు క్షేమంగానే ఉన్నాడు పిన్నీ, నిన్ను తిట్టింది రథం" అనా?

స్కాన్ చూపిస్తూ డాక్టరు చెప్పింది వింటే నీకు నీ పక్షం గెలిచిందనిపిస్తుంది. తల ఠక్కున ఆగుతుంది కానీ లోపల మెత్తటి మెదడు ఆగదు, ముందుకు జారుతుంది. కళ్ల గూళ్ల పైన పుర్రె లోపలి నేల నున్నగా ఉండదు, గట్లుగట్లుగా ఉంటుంది. మెదడు ముందు భాగం దాని మీద ఒరుసుకుపోతుంది. జ్ఞాపకం, మాట, లెక్క నిలబడవచ్చు. కానీ అనబోయే మాటను ఆపడం, ఒక పనికి పూనుకోవడం దెబ్బతింటాయి. పదకొండు తువ్వాళ్లూ, చేతిలో చొక్కా, ఎకరంన్నరా, అన్నీ అక్కడివేనట. ఆయన ఒక పేరు చెప్పి చదువుకోమన్నాడు: ఫినియాస్ గేజ్. అప్పటినుంచి నిద్ర లేదు నాకు.

1848 సెప్టెంబర్ 13. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం, కావెండిష్ ఊరి దగ్గర రైలుదారి కోసం బండలు పేలుస్తున్నారు. గేజ్ అక్కడ మేస్త్రీ, 25 ఏళ్లవాడు. మందు కూరుతుండగా అది పేలి, చేతిలోని ఇనుపకడ్డీ ఎడమ చెంప కింద దూరి నడినెత్తి చీల్చుకుని దాదాపు 80 అడుగుల అవతల పడింది. కడ్డీ పొడవు 3 అడుగుల 7 అంగుళాలు, బరువు 6 కిలోలు. మనిషి చావలేదురా! ఎద్దుబండిలో కూర్చుని బసకు వెళ్లి, వచ్చిన డాక్టరుతో "ఇక్కడ మీకు చేతినిండా పని ఉంది" అన్నాడు. తర్వాత హార్లో అనే వైద్యుడు నెలల తరబడి చూసి బతికించాడు. ఆ హార్లోయే 1868లో రాశాడు: నెమ్మదస్తుడు, వ్యవహారం తెలిసినవాడు అయిన గేజ్ నిలకడ లేనివాడై, బూతులు తిట్టేవాడై, స్నేహితులు "ఇతను మన గేజ్ కాడు" అనే స్థితికి వచ్చాడని.

చాలామంది కథ అక్కడే ఆపేస్తున్నారు. నాకు కోపం వచ్చింది అక్కడే. గేజ్ ఆ తర్వాత 11 ఏళ్లకు పైగా బతికాడు! 1852లో చిలీ దేశం వెళ్లి, వాల్పరైసో, శాంటియాగోల మధ్య ప్రయాణికుల బండి తోలాడు. ఏళ్ల తరబడి, ఆరు గుర్రాల బండి. తెల్లవారక ముందే లేవాలి, గుర్రాలను సిద్ధం చేయాలి, ప్రయాణికులతో మర్యాదగా ఉండాలి, పరాయి భాష మనుషుల మధ్య మసలాలి. ఆగడం రాదన్న మనిషి ఆరు గుర్రాల పగ్గాలు చేతుల్లో పట్టుకున్నాడు. కళ్లెం తెగిన రథం అనుకున్నానే, అదే మనిషి నిజమైన కళ్లేలు పట్టాడురా! రోజూ అదే దారి, అదే వేళ, అదే పని. అదే అతణ్ణి మెల్లగా కుదుటపరచి ఉంటుందని కొందరు పండితులు అంటున్నారు. నేను గట్టిగా నమ్ముతున్నాను. చివరికి మూర్ఛలు వచ్చి 1860లో శాన్ ఫ్రాన్సిస్కోలో, తల్లి దగ్గర పోయాడు. పిల్లలంటే, గుర్రాలంటే, కుక్కలంటే ప్రాణమట. అంతకంటే ఎక్కువ ఇష్టం ఆ ఇనుపకడ్డీ మీదట. తనను చీల్చిన కడ్డీని వెంటే ఉంచుకున్నాడు. ఇప్పుడు అదీ, అతని పుర్రె కూడా హార్వర్డ్ మ్యూజియంలో ఉన్నాయి. దీని గురించి నీతో ఎంతో మాట్లాడాలి, ఇప్పుడు వేళ లేదు.

అందుకని ఏం చేశానంటే, పాల కేంద్రం అతన్ని బతిమాలాను. పన్నెండు రోజులుగా బాబాయి పొద్దున్నే ఐదున్నరకు అక్కడ కూర్చుని చిట్టా రాస్తున్నాడు. పేరు, లీటర్లు, వెన్న శాతం. రోజూ అవే పేర్లు, అదే బల్ల. నేను వెళ్లి లేపుతాను, చొక్కా చేతికిస్తాను. మూడు రోజులు గొడవపడ్డాడు, ఒకరోజు మధ్యలో లేచి వచ్చేశాడు. మిగతా రోజులు రాశాడు.

అన్నట్టు మరిచాను, ఆకుపచ్చ సైకిల్ సంగతి నాన్నకు చెప్పేశాడు! భోజనాల దగ్గర, పప్పు వడ్డిస్తుంటే, మొదటి నుంచి చివరిదాకా. ఇరవై రెండేళ్లు దాచిన మనిషి. నువ్వు వచ్చినప్పుడు నాన్న ఎదుట పడే ముందు నాతో ఒకసారి మాట్లాడు.

ఈ ఉత్తరం ఇవాళే రాయడానికి అసలు కారణం ఇంకా రాయనేలేదు. పొద్దున చిట్టా తిరగేశాను. నాలుగో వరుసలో లీటర్ల అంకె కొట్టేసి, పక్కన మళ్లీ రాసి ఉంది. ఎవరూ చెప్పలేదట, నేను అడిగాను. తనే ఆగాడు, తనే చూసుకున్నాడు, తనే దిద్దుకున్నాడు. ఎనిమిది నెలల్లో మొదటిసారి. ఆ కొట్టివేత మీద ఎంతసేపు వేలు పెట్టి నిలబడ్డానో తెలియదు. ఆ ఆగినవాడు ఎవరురా? నీ ఎరుపా, నా రథికుడా? నీకేమనిపిస్తే అది రాయి, ఈసారి నేను

మీ అన్నయ్య వచ్చేశాడు, వాకిట్లో నిలబడి ఉన్నాడు. పిన్నికి విడిగా రెండు ముక్కలు రాయి, మరిచిపోకు.

నీ
రథికుడు