కంచెకు కరెంటు ఎక్కించే ముందు

సంపాదకులకు నమస్కారం.

మొక్కజొన్న కంకులు పాలుపోసుకునే రోజులు వచ్చాయంటే జిల్లా పేజీల్లో ఒక వార్త తప్పదు: అడవి పందుల కోసం అమర్చిన కరెంటు తీగ తగిలి రైతు మృతి. గత వానాకాలంలో అలాంటి చావు మా ఊళ్లోనే జరిగింది. తన చేనుకు తానే కట్టుకున్న తీగను తెల్లవారకముందే విప్పుదామని వెళ్లిన మనిషి, స్టార్టరు డబ్బా దగ్గర కరెంటు ఆపాననే అనుకున్నాడు, గట్టు దాటలేదు. పొద్దెక్కాక మేం వెళ్లి చూస్తే అక్కడున్నవి జానెడు ఎత్తు కట్టెపుల్లలు, వాటికి చుట్టిన పాత సైకిలు ట్యూబు ముక్కలు, వాటి మీదుగా చేను చుట్టూ తిరిగిన సన్నని బైండింగు తీగ, అంతే. అన్నిటికీ వెల కడితే ఒక రోజు కూలి డబ్బులు దాటవు.

ఇలాంటి చావును ‘రైతు నిర్లక్ష్యం’ అనే ఒక్క మాటతో సరిపెట్టడం అధికారులకూ పత్రికలకూ అలవాటైపోయింది. ఏళ్ల తరబడి బడిలో చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి కనుక నాకా మాట చాలదనిపిస్తుంది. కంచె తీగ మొదటినుంచీ చవకదనం వల్లనే పాకింది, చవకదనం వల్లనే చంపింది.

అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో, డికాల్బ్ అనే ఊళ్లో జోసెఫ్ గ్లిడెన్ అనే రైతు ముళ్ల తీగకు పేటెంటు పొందింది 1874 నవంబరులో. ముళ్లున్న తీగలు అంతకుముందూ ఉన్నాయి. కానీ పశువు ఒరుసుకుంటే ముళ్లు తీగ వెంట జారిపోయేవి. గ్లిడెన్ చేసిందల్లా ముల్లును ఒక తీగకు చుట్టి, దానికి రెండో తీగను పురిపెట్టి, ముల్లు కదలకుండా బిగించడమే. చెట్టూ కలపా కరువైన పచ్చిక మైదానాల్లో కంచె వేసుకోవడానికి అంతకన్నా చవకైన దారి లేదు. 1874లో పదివేల పౌండ్ల బరువు తయారైన తీగ, 1880 నాటికి ఎనిమిది కోట్ల పౌండ్లు దాటింది. దానితో మందలు స్వేచ్ఛగా తిరిగిన బయళ్లు కొందరి ఆస్తిగా మారాయి, నీటి గుంటలకు దారులు మూసుకుపోయాయి. టెక్సస్‌లో 1883లో రాత్రిపూట కంచెలు తెంచేవాళ్లకూ వేసినవాళ్లకూ కాల్పుల దాకా వెళ్లింది. మరుసటి ఏడాది కంచె తెంచడాన్ని తీవ్ర నేరంగా చేస్తూ చట్టం తెచ్చారు. చట్టం మొగ్గు ఎక్కువగా కంచె వేసినవాడి పక్షానే ఉందన్నది గమనించదగ్గ విషయం.

అక్కడినుంచి యుద్ధంలోకి రావడానికి దానికి పాతికేళ్లు పట్టింది. దక్షిణాఫ్రికాలో డచ్చి సంతతి రైతులైన బోయర్ల గెరిల్లా దళాలను పట్టడానికి బ్రిటిష్ సేనాని కిచెనర్ సుమారు ఎనిమిది వేల చిన్న కాపలా కోటలు కట్టించి, వాటిమధ్య వేల మైళ్ల ముళ్ల తీగ లాగించాడు. ఆపేది పశువులనైనా గుర్రపు దళాలనైనా తీగకు తేడా లేదు. ఇక మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులోని సోమ్ నది దగ్గర బ్రిటిష్ సేన వారం రోజులపాటు పదిహేను లక్షల గుండ్లు కురిపించినా జర్మన్ల ముందున్న తీగ చాలాచోట్ల తెగలేదు. 1916 జులై 1న ఒక్కరోజే బ్రిటిష్ సైనికులు 19 వేలకు పైగా చనిపోయారు. అలాంటి తీగను తొక్కుకుంటూ, కందకాలు దాటుకుంటూ పోవడానికే, ఆ సెప్టెంబరులో ట్యాంకు మొదటిసారి రణరంగంలోకి దిగింది. దాని గొలుసు చక్రాల ఆలోచన కూడా పొలం ట్రాక్టరునుంచి వచ్చిందే కావడం విచిత్రం.

అయితే మన సంగతికి దగ్గరగా ఉన్నది వేరే కంచె. 1915 వసంతంలో జర్మన్లు తాము ఆక్రమించిన బెల్జియానికీ, తటస్థంగా ఉన్న నెదర్లాండ్స్‌కూ మధ్య సరిహద్దు పొడవునా కంచె వేసి, సుమారు రెండు వేల వోల్టుల కరెంటు ఎక్కించారు. చాలా పల్లెలకు అప్పటికి కరెంటు దీపమే లేదు. నిప్పు లేదు, చప్పుడు లేదు, మామూలు తీగలాగే ఉంది కదా అని చేత్తో పట్టుకున్నవాళ్లు పట్టుకున్నట్టే పోయారు. పశువులు, కుక్కలు సరేసరి. దాన్ని జనం ‘మృత్యు తీగ’ అన్నారు. కొన్నాళ్లకు తెలివి తెచ్చుకుని, తీగల మధ్య చెక్క చట్రం దూర్చి, అందులోంచి పాకి దాటడం నేర్చుకున్నారు.

వాళ్లు తెలియక పోయారు. మన రైతు అన్నీ తెలిసే పోతున్నాడు. మోటరు దగ్గర ఒకసారైనా షాకు తినని రైతు మా ప్రాంతంలో లేడు. అయినా తీగ కడుతున్నాడంటే, ఒక్క రాత్రిలో పందుల గుంపు మడి మడంతా పొర్లించి పోతే అప్పు ఎలా తీరుతుందన్న భయం షాకు భయాన్ని మించిందన్నమాట. అతనికి జాగ్రత్తలు చెప్పే గోడపత్రికలు ఎందుకు పనిచేయడం లేదో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

ప్రాణం తీయని కంచె లేకపోలేదు. సోలారు ఫెన్సింగులో యంత్రం సెకనుకోసారి, సెకనులో నూరో వంతు కన్నా తక్కువసేపు దెబ్బ కొట్టి వదిలేస్తుంది. జంతువు బెదిరి వెనక్కి తగ్గుతుంది, పొరపాటున చెయ్యి తగిలిన మనిషీ బతుకుతాడు. స్తంభంనుంచి కొక్కెంతో తెచ్చిన కరెంటు అలా వదలదు, కండరాలను బిగించి పట్టేస్తుంది. తేడా ఇంత స్పష్టమైనా రైతు రెండోదానికే పోతున్నది ధర వల్ల. కాబట్టి కేసులు పెడతామనే ప్రకటనలకన్నా ముందు, పక్కపక్క చేలవాళ్లు అయిదారుగురు కలిసి ఒకే ఫెన్సింగు వేసుకునేలా రాయితీ ఇవ్వాలి. అది విత్తనాలు వేసే నాటికి చేతికి రావాలి, పంట పోయాక కాదు. పట్టా పాసుపుస్తకం లేదన్న కారణంతో కౌలు రైతును పక్కన పెట్టకూడదు, ఎందుకంటే అడవి అంచు చేలల్లో రాత్రి కాపలా ఉండేది ఎక్కువగా అతనే. కంకి వేసే నెలన్నర రోజులు లైన్‌మన్ సాయంత్రం పూట చేల గట్ల వెంట ఒకసారి తిరిగితే కొక్కేలు కనిపించకుండా పోవు.

మా ఊళ్లో చనిపోయిన రైతు చేను ఈసారి కౌలుకు వెళ్లింది. కౌలుదారు మళ్లీ మొక్కజొన్నే వేశాడు. ట్యూబు ముక్కలు చుట్టిన ఆ పాత కట్టెపుల్లలు కట్టగట్టి గట్టు మీద అలాగే ఉన్నాయి.

ఇట్లు,
విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
నిర్మల్ జిల్లా