‘లూసిఫర్’ పేరుతో వేరే దుంపలు పంపినందుకు ఫిర్యాదు

కూనూరు, నీలగిరి జిల్లా

మేనేజర్ గారికి,
నమస్కారం.

కిందటి ఏడాది ఫిబ్రవరిలో హైదరాబాదులోని మీ సంస్థ నుంచి ‘లూసిఫర్’ రకం క్రొకోస్మియా పూలమొక్క దుంపలు 20 తెప్పించుకున్నాను. మా ఇంటి ముందు ఏళ్ల తరబడి నిలిచే పూలమొక్కల మడిలో, నీలిపూల ఆగపాంథస్ మొక్కల వెనుక ఎర్రపూల వరుస ఉండాలని నా కోరిక. బెత్తెడు లోతున, జానెడు ఎడంగా నేనే నాటాను. మొదటి ఏడాది ఆకులే వచ్చాయి. ఈ జులైలో నారింజరంగు పూలు పూశాయి. మొక్క రెండడుగులు దాటలేదు. లూసిఫర్ దాదాపు నాలుగడుగులు పెరుగుతుంది. దాని వెడల్పాటి ఆకు తాటాకులా మడతలు పడి ఉంటుంది, పువ్వు కణకణలాడే ఎరుపు. మీరు పంపినవి క్రొకోస్మియాలోనే నారింజపూల మరో రకమైన మాంట్‌బ్రీషియా దుంపలు.

రంగు మారినందుకే అయితే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. మాంట్‌బ్రీషియా నాటినచోట ఆగదు. ఏటా పాత దుంప మీద కొత్తది పుట్టి, పూసల పేరులా గొలుసు కడుతుంది. పైమొక్కను పీకితే గొలుసు తెగి, అడుగున మిగిలినవి మళ్లీ మొలుస్తాయి. ఇంగ్లండు, వేల్సులలో దీన్ని తోటల బయట, ప్రకృతిలో నాటడం చట్టరీత్యా నేరం.

ఫోను చేస్తే, ఫిర్యాదుకు గడువు 15 రోజులేనని మీ ప్రతినిధి చెప్పారు. పూస్తే గాని రకం తెలియని మొక్కకు ఆ గడువు ఎలా సరిపోతుంది? అంతకంటే బాధపెట్టిన మాట మరొకటి: ‘పీకి ఎక్కడైనా పారేయండి’ అన్నారు. మా పెరటి దిగువన వాగు ఉంది. అది షోలా అడవి (ఈ కొండల లోయల్లో సహజంగా పెరిగే అడవి) గుండా పారుతుంది. నాలుగు దుంపలు అందులో కొట్టుకుపోతే, వాటిని ఎవరు ఏరగలరు?

మడంతా తవ్వించి, మట్టిని జల్లెడ పట్టించాను. దొరికిన ప్రతి దుంపనూ సంచుల్లో మూటగట్టి ఉంచాను. ఆగపాంథస్‌ల వేళ్ల మధ్య దూరినవాటి కోసం ఆ మొక్కలనూ పెకలించక తప్పలేదు.

దుంపల ధర 1,800 రూపాయలు, కూలీ 2,400 రూపాయలు తిరిగి ఇవ్వండి. బదులుగా మళ్లీ దుంపలు పంపవద్దు. అదే సరుకు కొన్నవారందరికీ వెంటనే తెలియజేయండి. వాటిని బయట పారేయవద్దని స్పష్టంగా రాయండి. ఫిర్యాదు గడువును మొదటి పూత వరకు పెంచండి.

రసీదు, ఫొటోలు జతచేశాను. నెల రోజుల్లో సమాధానం రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మా జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు